సార్జెంటుగారి చిరునవ్వు

సైన్యం నడిచేది తుపాకులతో కాదు, ఆప్యాయతతో. ఈ సత్యాన్ని పుదుచ్చేరి సిపాయి దళపు కప్తాన్‌ దొరవారు ఒక శుక్రవారం ఉదయం కాఫీ తాగుతూ కనిపెట్టారు. మధ్యాహ్నానికల్లా అది ఉత్తర్వయింది. ఇకమీదట శుక్రవారం కవాతు కాగానే సార్జెంటు ప్రతి సిపాయినీ కన్నతండ్రిలా పలకరించి, కష్టం అడిగి, వారంలోగా తీర్చాలి. తీర్చకపోతే చేతిమీది సార్జెంటు హోదా పట్టీలు ఊడతాయి.

సార్జెంటు పట్టాభిరామన్‌కు ఆ పట్టీలంటే ప్రాణం. కాబట్టి ఆప్యాయతకు వెంటనే క్రమశిక్షణ నేర్పాడు. కష్టం చెప్పేవాడు నిటారుగా నిలబడి, కళ్లార్పకుండా చెప్పాలి. వినేవాడు చివరిదాకా చిరునవ్వు నవ్వాలి. (ఆ నవ్వు మొదటిసారి చూసిన సిపాయి ఒకడు చేయని తప్పు కూడా ఒప్పేసుకున్నాడు.) కష్టమేమీ లేదన్నవాడికి ఎండలో నిలబడే శిక్ష. అందుకని సిపాయిలు ముందురోజే కూర్చుని పంటినొప్పి, నల్లుల బాధ, అత్తగారి నోరు తలా ఒకటి పంచుకునేవారు.

తిరుమలైకి మాత్రం అరువు కష్టం అవసరం లేకపోయింది. వాడు సార్జెంటుకు సొంత అక్క కొడుకు. అయితే యూనిఫారం వేసుకున్నాక చుట్టరికం చెల్లదని సార్జెంటే రూలు పెట్టాడు.

"నీ కష్టమేంది?" అన్నాడు సార్జెంటు నవ్వుతూ. పక్కన కప్తాన్‌ దొరా, ఆయన దుబాసీ ఉన్నారు.

"మా మామ కూతుర్ని నాకే ఇస్తానని చిన్నప్పటి నించీ చెప్తా ఉండాడయ్యా. ఇప్పుడేమో రెడ్డియార్‌పాళయంలో ఎవరో గుమాస్తాకి ఇస్తాడంట. సెంగమలం అన్నం మానేసి ఏడస్తా ఉంది."

సార్జెంటు నవ్వు చెదరలేదు. రూలు ఒప్పుకోదు. "ఎట్లాంటోడ్రా మీ మామ?" అన్నాడు, ఆగలేక.

"మీసం తీసేస్తే మంచోడే అయ్యా."

దుబాసీ అంతా ఫ్రెంచిలో చెప్పాడు. కప్తాన్‌ దొరవారి కళ్లు చెమర్చాయి. ఆ దుర్మార్గుణ్ణి సార్జెంటే స్వయంగా వెళ్లి మందలించాలని ఆజ్ఞాపించారు. ఆ దుర్మార్గుడు తానేనంటే పట్టీలు ఊడతాయని సార్జెంటుకు తెలుసు. సెల్యూట్ చేశాడు.

నెల్లితోపులో ఇంటికి వెళ్లి, టోపీ తీయకుండానే అద్దం ముందు నిలబడి మీసాన్ని గట్టిగా మందలించాడు. భార్య రంగమ్మాళ్ వంటింట్లోంచి వచ్చి కాసేపు చూసింది. మేనల్లుడి కష్టం ఆమె చెవిన అంతకుముందే పడింది. (దొర ముందు అలా చెప్పమని వాడికి నేర్పి పంపింది ఆమేనని సిపాయిలు అనుకునేవారు.)

"ఏమంటా ఉండాడు ఆ పెద్దమనిషి?"

"మొండోడే. వినడం లేదు."

"అట్లనా? అయితే వచ్చే శుక్రవారం నేనే వచ్చి కప్తాన్‌ దొరకి ఆ మామ ఎవరో చూపిస్తా."

సార్జెంటు చేతి పట్టీలు తడుముకున్నాడు. గుమాస్తా సంబంధం ఆ పూటే తప్పిపోయింది. వారం తిరక్కుండానే సెంగమలానికీ తిరుమలైకీ తాంబూలాలు మార్చుకున్నారు. సార్జెంటు మాత్రం కడుపుమంట చల్లారక, పెళ్లికి వాడు అడిగిన సెలవు ఇవ్వనని ఖరాఖండిగా చెప్పేశాడు.

శుక్రవారం వచ్చింది. మామ దారికొచ్చాడని విని కప్తాన్‌ దొరవారు సార్జెంటు భుజం తట్టారు. తర్వాత తిరుమలై వంతు.

"ఇంకేంది నీ కష్టం?" అన్నాడు సార్జెంటు నవ్వుతూ.

"మామ మారిపోయినాడయ్యా, దేవుడట్లాంటోడు. సార్జెంటయ్యే పెళ్లికి సెలవియ్యనంటా ఉండాడు."

దుబాసీ అదీ చెప్పాడు. కప్తాన్‌ దొరవారు చాలాసేపు ఆలోచించి న్యాయమైన తీర్పు ఇచ్చారు. అంతటి మొండివాడే మారగా లేనిది సార్జెంటు మారడా? ఆ మామనే పిలిపించి ఈ సార్జెంటుకు బుద్ధి చెప్పించండి.

సార్జెంటు పట్టాభిరామన్ సెల్యూట్ చేసి, నవ్వు చెదరనీయకుండా, మళ్లీ అద్దం దగ్గరికి బయలుదేరాడు.