పనసపొట్టు కాపలా

శనివారం పొద్దున్న కొబ్బరికాయ ఒలుస్తూ నాగేంద్రబాబు బొటనవేలు కోసుకున్నాడు. రక్తం అతనిది, ఏడుపు మాత్రం జీవరత్నానిది.

జీవరత్నం అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాడు. క్లాసులో ఆయన గొంతు వెనక బెంచీ దాకా వెళ్ళదు. సాయంత్రం ఇంటికొచ్చి ఫోనులో ‘ఆఖరి లంక’ ఆట మొదలెడితే మాత్రం వీధి చివర పాలవాడిక్కూడా వినిపిస్తుంది. జట్టుకి నలుగురు. అందరూ ఓ లంకలో దిగి ఎదుటి జట్టుని కాల్చాలి. చుట్టూ విషపు మంచు కమ్ముకొస్తూ ఉంటుంది, మధ్యలో క్షేమంగా ఉండే చోటు చిన్నదవుతూ పోతుంది. అందులో చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచినట్టు.

ఆటలో జీవరత్నం పేరు ప్రళయసింహం. రావులపాలెంలో లారీలకి అరటిగెలలు ఎక్కించే దుర్గారావు పేరు మృత్యుఘంట. అప్పనపల్లిలో పొద్దున్న వేదం వల్లించి, సాయంత్రం గురి తప్పకుండా మనుషుల్ని పడగొట్టే సాయి కృష్ణ పేరు నిశ్శబ్దం. పేర్లకేం లోటు లేదు గానీ ఈ జట్టు ఎప్పుడూ ఏ పోటీ గెలవలేదు. ఎలాగో ఈసారి ఫైనల్ దాకా ఈదుకొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం రాజోలు జట్టుతో ఆట. కప్పు అందుకుంటున్నట్టు జీవరత్నానికి పగటికలలు మొదలయ్యాయి. చర్చిలో ప్రసంగం జరుగుతుండగా కూడా వచ్చాయి.

నలుగురు లేకపోతే ఆడనివ్వరు. నాలుగోవాడు నాగేంద్రబాబు వేలికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. ఇక జీవరత్నం చేతికందే మనిషి భార్య సువర్ణ ఒక్కతే. ఒకటో తరగతి టీచరు. ఆవిడ ఫోనులో అలారం తప్ప మరోటి ఎప్పుడూ నొక్కి ఎరగదు.

“సువర్ణా, నీకో ముఖ్యమైన బాధ్యత అప్పగిస్తున్నాను.”

“పనసపొట్టు కొట్టడమేనాండీ? అది నా చేతిలోనే ఉంది,” అంది సువర్ణ, కత్తి ఆపకుండా.

“అది కాదు. మా జట్టుకి కాపలా.”

“నాకు తుపాకీ కాల్చడం రాదు కదండీ!”

‘అందుకే కాపలా’ అనబోయి నాలిక కరుచుకున్నాడు. “కాపలా అంటే జట్టుకి వెన్నెముక. సముద్రం పక్కన ఓ గుడిసె ఉంటుంది. అందులో కూచో. కదలకు. ఏ బటనూ నొక్కకు.”

ఆ గుడిసె వైపు ఎవరూ పోరు. అక్కడ పడేస్తే ఈవిడ ఎవరికీ అడ్డం రాదు, లెక్కకి నలుగురూ ఉంటారు. ఇదీ మహానుభావుడి పథకం.

“అక్కడ సముద్రం బాగుంటుందాండీ?”

“ఎవడు చూశాడు?”

సువర్ణ కత్తి పక్కన పెట్టింది. “గెలిస్తే నన్ను అంతర్వేది తీసుకెళ్ళాలి. గోదారి సముద్రంలో కలిసే చోట పొద్దుగుంకేదాకా కూచోవాలి. మీ ఫోను నా సంచిలో ఉండాలి.”

పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట అది. బయల్దేరినప్పుడల్లా ఏదో ఒక ఆట అడ్డొచ్చేది. ఆవిడ అలగడం కూడా మానేసింది గానీ, ఆ కోరిక మాత్రం మానలేదు.

“ఆయ్, తప్పకుండా,” అన్నాడు జీవరత్నం, ఎప్పటిలాగే. “ఆటలో నీ పేరేం పెట్టమంటావు? కాళరాత్రి?”

సువర్ణ పొట్టు పోసిన చేట వైపు చూసింది. “పనసపొట్టు అని పెట్టండి.”

ఆదివారం భోజనాలయ్యాక ఆయన ముందుగదిలో, ఆవిడ వసారాలో కూర్చున్నారు. కొబ్బరాకుల నీడలు నేల మీద మెల్లగా ఊగుతున్నాయి. సువర్ణ ఒకే ఒక్క బటను నొక్కింది. అది దగ్గరికొచ్చిన ఎవరికైనా మన మాట వినిపించే బటను.

ఆట మొదలవుతూనే ప్రళయసింహం బాంబు విసిరాడు. అది తలుపుకి తగిలి తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది. ఏటేటా పిల్లలకి న్యూటన్ సూత్రాలు చెప్పే మనిషి అందరికంటే ముందు పోయాడు. కాసేపటికి మృత్యుఘంట మోగడం ఆగిపోయింది. నిశ్శబ్దం ఒకణ్ణి పడగొట్టి తనూ నిశ్శబ్దమైపోయాడు. రాజోలు వాళ్ళు ముగ్గురు మిగిలారు. ఇటు పనసపొట్టు.

ఈ ఆటలో పోయినవాళ్ళకి ఓ శిక్ష ఉంది. బతికున్న తోటివాడు ఏది చూస్తే వాళ్ళూ అదే చూడాలి. ముగ్గురు వీరులూ సువర్ణ కళ్ళతో చూడటం మొదలెట్టారు.

ఆవిడ గుడిసెలో లేదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన చెక్కరేవు మీద నిలబడి ఆకాశం చూస్తోంది.

“వెనక్కి తిరుగు! వెనక చూడు!” అని అరిచాడు జీవరత్నం.

“ఉండండి, కొంగలు వెళ్తున్నాయి.”

నిజంగానే వెళ్తున్నాయి. మబ్బుల అంచులు నారింజ రంగుకి తిరిగాయి. అల నెమ్మదిగా వచ్చి, రేవు కాళ్ళని తడిపి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది. దూరంగా ఎవరిదో ఖాళీ పడవ ఊగుతోంది. ఇన్నాళ్ళూ రోజూ దిగుతున్న లంకలో సముద్రం ఉందని జీవరత్నానికి ఆ క్షణాన తెలిసింది.

“ఎంత బాగుందండీ,” అన్నాడు దుర్గారావు గొంతు తగ్గించి.

అప్పుడే రాజోలు వాళ్ళు ముగ్గురూ తుపాకులతో రేవు మొదట్లోకి వచ్చేశారు. అయిపోయింది కప్పు, అనుకుని జీవరత్నం కళ్ళు మూసుకున్నాడు.

“రండి బాబూ,” అంది సువర్ణ. “ఎండలో పడి తిరుగుతున్నారు. భోంచేసేరా?”

ముందున్నవాడి తుపాకీ కిందకి దిగింది. “ఆయ్, చేసేమండీ,” అనేశాడు, నోటికి అలవాటైన మాట కాబట్టి.

“ఏం కూర?”

“చేపల పులుసండీ. మీరండీ?”

“మేము పనసపొట్టు బాబూ.”

కూర చెప్పుకున్నాక మనిషిని ఎలా కాల్చాలో ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

“అలా ఇసకలో వరసగా కూచోండి. పొద్దుగుంకేది చూసి వెళ్దురుగాని.”

“మీరూ కూచోండి అక్కగారూ.”

“నేను రేవు చివర నుంచుంటాను. మీకు అడ్డం రాకూడదు కదా!”

ఒకటో తరగతి పిల్లల్లా ముగ్గురూ బుద్ధిగా కూర్చున్నారు. సూర్యుడు నీళ్ళలోకి దిగుతున్నాడు. వెనక నుంచి విషపు మంచు చప్పుడు లేకుండా వచ్చింది. ఒకడు ఒరిగాడు, పక్కవాడూ ఒరిగాడు. మూడోవాడు మాత్రం, “వెళ్ళొస్తామండీ అక్కగారూ,” అని చెప్పి మరీ ఒరిగాడు.

క్షేమంగా మిగిలిన చోటు రేవు చివర ఒక్కటే. అక్కడ పనసపొట్టు నిలబడి ఉంది.

జీవరత్నం వసారాలోకి పరుగెత్తాడు. “మంచు అటే వస్తుందని నీకు తెలుసా?”

“తెలియకేమండీ! ‘మూల ఉన్న పటంలో ఎర్రగీత చూడండి, దాని లోపలికి రండి’ అని ఇన్నాళ్ళుగా మీరు అరుస్తుంటే పక్కింటి గేదెకి కూడా వచ్చేసుంటుంది.”

“మరి తెలిసీ వాళ్ళని అక్కడ కూచోబెట్టేవా?”

“ఇంటికొచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడతారాండీ?”

మాట తప్పడానికి జీవరత్నం దగ్గర సాకు మిగల్లేదు. మరుసటి ఆదివారం ఇద్దరూ అంతర్వేదిలో, గోదారి సముద్రంలో కలిసే చోట కూర్చున్నారు. ఫోను సువర్ణ సంచిలో ఉంది. వశిష్ఠ పాయ అవతలి ఒడ్డు మీదకి పొద్దు వాలుతోంది. ఆయన కళ్ళు అలవాటుగా ఆకాశం మూల ఎర్రగీత కోసం వెతికాయి. అక్కడ ఓ కొంగ తప్ప ఏమీ లేదు. ఆ కొంగ వెంటే నీళ్ళని చూశాడు, పడవల్ని చూశాడు, చివరికి పక్కనున్న సువర్ణ మొహం మీద వెలుగు చూశాడు. ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదా అని సిగ్గేసింది.

సంచిలో ఫోను మోగింది. జీవరత్నం చెయ్యి దానంతటదే లేచింది గానీ సువర్ణ ముందే తీసి స్పీకరు నొక్కింది.

“కెప్టెన్ గారాండీ?” అన్నాడు దుర్గారావు.

“ఆయ్, నేనే,” అన్నాడు జీవరత్నం, కాలరు సర్దుకుని.

“మీరు కాదండీ. అక్కగారు.”

“చెప్పు తమ్ముడూ,” అంది సువర్ణ. “వచ్చేవారమా? అలాగే. మీ బావగారా? ఉంటారు, ఎందుకుండరూ! ఆ గుడిసెలో కాపలా పెడదాం.”

ఫోను మళ్ళీ సంచిలోకి పోయింది. ఏదో అనబోయి జీవరత్నం పైకి లేచాడు.

“కూచోండి. కదలకండి. ఏ బటనూ నొక్కకండి,” అంది సువర్ణ, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. “ఇంకా కాస్త పొద్దుంది.”

ప్రళయసింహం చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.