ఎండకు కాపలా

దేవుడు ఊరికే ఇచ్చే ఎండను డబ్బు పోసి పట్టుకోవడం న్యాయమేనా అన్న అనుమానం రిటైరైన క్యాషియరుగారికి ఏళ్ల తరబడి ఉంది. అయితే కరెంటు బిల్లు ముందు ఏ అనుమానమైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? భార్య వంటింటి అలమరాలకని దాచుకున్న డబ్బు బతిమాలి తీసుకుని, డాబా మీద వరసగా ఎనిమిది సోలార్ ప్యానెళ్లు పెట్టించారు.

"మొదటి నెల బిల్లు సగం కాకపోతే?" అని అడిగింది ఆవిడ.

"ఆ నెల నుంచి అంట్లు నావి," అనేశారాయన.

మర్నాడు ప్రార్థన ముగించుకుని, గంట గంటకీ లెక్క రాయాలని డాబా ఎక్కారు. ప్యానెళ్లకు తూర్పున, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కుర్చీ వేసుకుని, దాని వీపుకు పాత నల్లగొడుగు కట్టుకున్నారు. ఎంత కరెంటు పుడుతోందో చూపే ఎదురుగోడ మీది పెట్టె అంతవరకూ పద్దెనిమిది వందల వాట్లు చూపించింది. ఆయన కూర్చోగానే ఏడు వందలకు పడిపోయింది.

దుమ్మేమో అనుకుని ట్యాంకులో నీళ్లన్నీ తోడి ప్యానెళ్లు కడిగారు. అంకె కదల్లేదు. కింద స్నానాలగదిలోంచి కేక వచ్చింది.

"ఏమండీ, నీళ్లు ఆగిపోయాయి."

"ఎండ ముఖ్యమా, స్నానం ముఖ్యమా?"

"కళ్లలో సబ్బుంది. నాకు ఏ ఎండా కనబడట్లేదు."

మెకానిక్కుకు ఫోను చేశారు. పాపం ఎండన పడి వస్తాడని, గొడుగు విప్పదీసుకుని గేటు దాకా ఎదురెళ్లారు. ఇద్దరూ పైకొచ్చేసరికి పెట్టెలో రెండువేలు.

"బాగానే ఉంది కదా బాబాయ్‌గారూ."

అతను వెళ్లాక గొడుగు మళ్లీ కుర్చీకెక్కింది. అంకె మళ్లీ దిగింది. మధ్యాహ్నం లోపల మెకానిక్ మూడుసార్లు వచ్చాడు. మూడోసారి, "పెట్టెకేం జబ్బు లేదు. మీరే ఎవరికైనా చూపించుకోండి," అని వెళ్లిపోయాడు.

అంతలో పక్కింటి దర్జీ కుట్టుమిషను గరగరమంది. క్యాషియరుగారికి దొంగ దొరికాడనిపించింది.

"మా కరెంటేమన్నా మీ మిషనుకు వస్తోందేమో కాస్త చూసుకోండి," అన్నారు పిట్టగోడ మీంచి.

దర్జీ మెడలో టేపుతోనే గోడ దూకి వచ్చాడు. "నాది ఇరవై ఏళ్లుగా కాలితో తొక్కే మిషను సార్. కరెంటు నేనేం చేసుకుంటాను, తాగుతానా?" అంటూ ఆగిపోయాడు. గొడుగు అంచున ఎర్రదారం కుట్టు కనబడింది. "ఇది నా చేతి కుట్టే. ఆరేళ్ల కిందట వానకని అరువిచ్చాను. ఎండకు కూడా వాడుతున్నారా?"

కోపంగా గొడుగు ఊడదీసి మడిచాడు. పెట్టెలో అంకె ఒక్కసారిగా పైకి లేచింది.

అప్పుడే తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చిన ఆవిడ అంకెను చూసింది, గొడుగును చూసింది.

"అన్నయ్యగారూ, మళ్లీ తెరవండి." అంకె పడిపోయింది. "ముయ్యండి." లేచింది. ఒక్క ప్యానెల్ మీద గొడుగు నీడ పడితే వరసంతా నీరసిస్తుందని ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది.

"ఎండను ఎవరూ ఎత్తుకుపోకుండా బాగానే కాపలా కాశారండీ," అందావిడ. దర్జీకి నవ్వాగక కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి క్యాషియరుగారూ నవ్వారు. దొంగతనం అంటగట్టినందుకు చేతులు పట్టుకుంటే, "పోనీండి సార్, గొడుగు ఉంచుకోండి," అని దర్జీ వెళ్లిపోయాడు.

నెలాఖరున బిల్లు సగం కంటే తక్కువే వచ్చింది. మిగిలిన డబ్బుతో మొదటి అలమరా చేయిద్దామని పిలిచిన వడ్రంగి వంటింట్లో కొలతలు తీసుకుంటుండగా, క్యాషియరుగారు గొడుగు తుడిచి పట్టుకెళ్లి దర్జీ చేతిలో పెట్టారు.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. ఇదీ దేవుడు ఊరికే ఇచ్చేదే కదా అనుకుంటూ, తడుస్తూ నడిచారు.