తెర వెనక నాలుగు పెట్టెలు

మాటోమె రామలెపె ఇంటి ముందుగదిలో యాంప్లిఫయర్లు నాలుగు, కుర్చీలు మూడు. నలుగురు చుట్టాలొస్తే నాలుగోవాడికి గుమ్మమే గతి. యాంప్లిఫయర్ మీద కూర్చోనిస్తే గొడవే లేకపోను. మాటోమె కూర్చోనివ్వడు.

మొదటిది వెండి ముఖంది. రెండు గాజు కళ్ళలో ముళ్ళు ఆడుతుంటాయి. ఎత్తాలంటే ఇద్దరు కావాలి, ఎత్తాక ఇద్దరికీ నడుం నొప్పి మందు కావాలి. రెండోది నల్లది. ఒంటిమీద మూత లేదు, వాల్వులు దీపాల్లా బయటికే వెలుగుతుంటాయి. మూడోది చెక్క పెట్టెలోది, చిన్నది, దీని వాల్వులు లోపల దాక్కుని వేడెక్కుతుంటాయి. నాలుగోదానికి మీటలెక్కువ, మర్యాద తక్కువ. నెత్తిన ఒక మొట్టికాయ వేస్తేగాని ఎడమ స్పీకరు పలకదు.

అన్నీ పాతవే. అన్నింటికీ మాటోమే దిక్కు. ఏది బాగా పలుకుతుందో తేల్చాలని రైల్వే షెడ్డులో ఉద్యోగం ఉన్నప్పుడే మొదలుపెట్టాడు. ఉద్యోగం అయిపోయింది. తేల్చడం అవలేదు.

మామెలోడి తూర్పు పేటలో అతన్ని అందరూ "చెవి" అనేవాళ్ళు. ఎదురుగా అన్నప్పుడు అది పొగడ్త.

ఆ చలికాలం ఒక పొద్దున మాటోమె ముందుగదిలోకి వచ్చేసరికి చెక్క పెట్టె నెత్తిన ఒక బేసిను, బేసిను మీద దుప్పటి, దుప్పటి కింద ఏదో ఊపిరి పీలుస్తున్నట్టు కదలిక.

"రైసిబే! ఏంటిది?"

"పిండి," అంది భార్య వంటింట్లోంచి.

"పిండా!"

"డొంబొలో రొట్టెకి. ఆవిరి మీద ఉడికేది నీ నోట్లోకే గదా, పేరు తెలీనట్టు అడుగుతావేం? చలికి పిండి పొంగట్లేదు. నీ పెట్టె వెచ్చగా ఉంది. పెట్టాను."

"అది సంగీతానికి పుట్టిన యంత్రమే!"

"ఇన్నాళ్ళకి ఇంటికి పనికొచ్చింది. సంతోషించు, కొలొబే."

కొలొబే అంటే అడవిపంది. మాటోమె వంశం వాళ్ళకి అది కులదైవం లాంటిది, వాళ్ళని ఆ పేరుతో పిలవడం గొప్ప మర్యాద. రైసిబె ఆ మాటని మర్యాదగానూ అనగలదు, అచ్చంగా పందినన్నట్టూ అనగలదు. ఏది ఏదో గొంతుని బట్టి తెలుసుకోవాలి. పేటకంతా చెవి అయినవాడికి ఆ ఒక్క తేడా మాత్రం ఇప్పటికీ పట్టుబడలేదు.

ఈలోగా పిండి బేసిను అంచు దాటి వాల్వుల వైపు మెల్లగా బయల్దేరింది. మాటోమె కేకపెట్టి బేసిను లాక్కున్నాడు. పిండి చొక్కా మీదికొచ్చింది. వాల్వులు బతికాయి.

రైసిబె వచ్చి చొక్కా చూసింది, పిండి చూసింది, గది చూసింది.

"వచ్చే ఆదివారం మీ జాజ్ క్లబ్బు మనింట్లోనేగా. అది అయిపోవాలి. ఆ తర్వాత ఈ గదిలో ఒక్కటే ఉండాలి. మా సంఘం ఆడవాళ్ళు చావు ఖర్చుల సంగతి మాట్లాడుకోవడానికొస్తే నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఎవరైనా పోయారా, పోలేదా అని వీధిలోవాళ్ళు అడుగుతున్నారు."

"ఒక్కటే అంటే ఏదని ఉంచను? తేలద్దూ?"

"నన్ను చేసుకునేటప్పుడు ఒక్క పూటలో తేల్చుకున్నావు."

"అప్పటికింకా నా చెవి కుదరలేదు."

ఆ మాట అన్నాక ఆ పూట మాటోమెకి పొంగు అణిగిన పిండితో చేసిన డొంబొలో దొరికింది. నమిలాడు.

"ఆదివారం నువ్వు తేల్చకపోతే మలోమె తేలుస్తాడు," అంది రైసిబె, గిన్నె తీసేస్తూ.

అక్కడ మాటోమె నమలడం ఆగింది. మలోమె అంటే మేనమామ. రైసిబె మేనమామ ఫినియాస్ ముసలాయన మాట ఆ కుటుంబంలో ఆఖరి మాట. పెళ్ళయినా, పంపకమైనా ఆయన నోరు తెరిచాక ఇంకొకరు తెరవరు. పైగా మాటోమె తిరిగే సాఫ్ట్ హీల్స్ జాజ్ క్లబ్బుకి అధ్యక్షుడు కూడా ఆయనే. ఇంట్లో తప్పించుకుని క్లబ్బుకి పోతే అక్కడా ఆయనే ఉంటాడు.

మాటోమె ఆలోచించాడు. తేల్చమన్నారు. సరే, తేల్చడానికే కూర్చుందాం. తేలకపోతే? తేలనిదాన్ని ఎవరూ బయట పారెయ్యరు.

సాయంత్రం ముగ్గురు స్నేహితుల్ని టూటోన్ ఇంటి పెరట్లో కూర్చోబెట్టాడు. టూటోన్‌కి ఆ పేరు బూట్ల వల్ల వచ్చింది. సగం తెలుపు, సగం గోధుమరంగు. మనిషి పాతబడ్డాడు గాని బూట్లు పాతబడలేదు. రెండోవాడు డీకన్. పొద్దున చర్చిలో ప్రార్థన చేయిస్తాడు, మధ్యాహ్నం క్లబ్బులో నాట్యం చేస్తాడు, రెండింటికీ ఒకటే కోటు. మూడోవాడు బ్రేక్‌డౌన్. అతనికో వ్యాను ఉంది. ఎక్కినవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు దాన్ని తోశారు.

"తలా ఒకటి పొగడాలి," అన్నాడు మాటోమె. "టూటోన్, నీకు ఒకటో నంబరు. బేసు మందం అను. డీకన్, నీకు రెండోది. గొంతు తీపి అను. బ్రేక్‌డౌన్, నీకు చెక్కది, మూడోది."

"దాన్ని ఏమని పొగడను?"

"గాలి ఉందను."

"గాలి ఉండటం మంచిదేనా?"

"చెవి ఉన్నవాడికి మంచిదే. నాలుగోది నేను చూసుకుంటా. ఎవరూ తగ్గకూడదు. మలోమె తల పట్టుకుని 'నాలుగూ ఉండనీ' అనాలి. అంతే."

"ఇది అబద్ధం కాదు కదా?" అన్నాడు డీకన్.

"నల్లదాని గొంతు తీపి కాదా?"

"తీపే."

"మరి అబద్ధమెక్కడ? పేగుల కూర ఉంటుంది."

పేగుల కూర మాట వినగానే డీకన్‌కి అందులో సత్యమే కనిపించింది.

ఆదివారం వచ్చింది. పెరట్లో డేరా వేశారు. క్లబ్బువాళ్ళు ఇస్త్రీ ప్యాంట్లు, టోపీలు, అద్దాల్లాంటి బూట్లతో దిగారు. చంకల్లో రికార్డులు. స్పీకర్లు గుమ్మానికి అటూ ఇటూ పెట్టారు. ఫినియాస్ ముసలాయనకి మంచి కుర్చీ వేశారు. మాటోమె ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇంట్లో ఒక్కటే ఉండాలట, ఏది ఉండాలో క్లబ్బే విని చెప్పాలి అని విన్నవించుకున్నాడు. మొహం దీనంగా పెట్టాడు. మొహం వరకూ బాగానే కుదిరింది.

"వింటాం," అన్నాడు ముసలాయన. "కానీ పెట్టెలు ఎదురుగా ఉంటే మీరు కళ్ళతో వింటారు. గుమ్మానికి తెర కట్టండి."

రైసిబె వెంటనే తెర తెచ్చింది. అప్పటికే ఇస్త్రీ చేసి ఉంది. పైన తాడు కూడా దూర్చి ఉంది. మాటోమెకి అక్కడే అనుమానం రావాల్సింది.

"తెర వెనక వైర్లు నేను మారుస్తాను," అన్నాడు.

"మేకకి ఆకుల కాపలాయా? కూర్చో. రైసిబె మారుస్తుంది."

"దానికి వీటి తేడా తెలీదు మలోమే! అన్నీ ఒకటే అంటుంది!"

"అందుకే."

మాటోమె లోపలికెళ్ళి భార్యకి వైర్లు చూపించాడు. "ఎరుపు ఎరుపులో, నలుపు నలుపులో. జాగ్రత్త, వాల్వు కాలుతుంది."

"కాపురానికొచ్చినప్పట్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నాను. నువ్వెళ్ళు."

తెర పడింది. లోపల్నుంచి "ఒకటి!" అని వినిపించింది. రికార్డు మొదలైంది. శాక్సఫోను మెల్లగా, ఆదివారం మధ్యాహ్నం నిద్రలేచినవాడిలా ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది.

ఆ క్లబ్బులో ఒక్క నోటితో పొగిడితే చాలదు, కాళ్ళూ ఒప్పుకోవాలి. టూటోన్ లేచాడు. ప్యాంటు మడత రెండు వేళ్ళతో కాస్త ఎత్తాడు, బూట్లు లోకానికి కనపడేలా. మడమ తిప్పాడు. శాక్సఫోను ఎక్కడ ఆగితే కాలు అక్కడ ఆగింది.

"బేసు మందం!" అన్నాడు. "గంజిలా ఉంది! చెంచా నిలబెడితే నిలబడుద్ది!"

"మారుస్తున్నా," అంది లోపల్నుంచి రైసిబె. ఏదో చప్పుడైంది. "రెండు!"

అదే పాట. డీకన్ లేచాడు. చేతులు పైకెత్తాడు. "తీపి!" అన్నాడు. "ఇది వాగ్దానం చేసిన తీపి! మొదటిది వింటున్నప్పుడు మనం ఎడారిలో ఉన్నాం సోదరులారా!"

"ఎడారేంటి?" అన్నాడు టూటోన్. అలా అనమని ఒప్పందంలో లేదు.

"దానిలో తడి లేదు. వాస్తవం చెప్తున్నా."

"నీ రెండో నంబరు జలుబు చేసిన మేకలా ఉంది. అదీ వాస్తవమే!"

మాటోమె కళ్ళతో సైగ చేశాడు. ఇద్దరూ చూడలేదు. లోపల్నుంచి "మూడు!" అని వినిపించింది.

బ్రేక్‌డౌన్ లేచి, "గాలి," అన్నాడు. కాస్త నిలబడి విన్నాడు. మొహం మారిపోయింది. "అరె, నిజంగానే గాలి ఉందిరా! ఇందాకటి రెండూ కిటికీ మూసినట్టున్నాయి. ఇది తీసినట్టుంది!"

"నీ చెవులు తీసినట్టుంది!" అన్నారు టూటోన్, డీకన్ ఒక్క గొంతుతో. వాళ్ళిద్దరూ కలిసింది అక్కడొక్కచోటే.

"నాలుగు!"

మాటోమె లేచాడు. ముందు అబద్ధానికే లేచాడు. మడమ మొదటిసారి తిరిగేసరికి సంగతి వేరుగా ఉంది. శాక్సఫోను చెవిలోకి కాక మోకాళ్ళలోకి వెళ్ళింది. ఇంత బాగా ఆ నాలుగోది ఎప్పుడూ పలకలేదు. ఎడమ స్పీకరు కూడా మొట్టకుండానే పలుకుతోంది.

"విన్నారా!" అన్నాడు ఆయాసపడుతూ. "ఇది దూరం చూపించే శబ్దం! పక్కవాయిద్యం వాడు వీధి చివర నిలబడినట్టుంది! ఒకటోదానిలో వాడు నా ఒళ్ళో కూర్చున్నాడు. రెండోదానిలో డీకన్ ఒళ్ళో కూర్చున్నాడు. తేడా తెలీనివాడు మనిషే కాదు!"

"ఒకటోదాన్ని అంటే ఊరుకోను," అంటూ టూటోన్ మళ్ళీ బరిలోకి దిగాడు. పోటీగా తిరిగాడు. తిరిగి తిరిగి, ఒక మోకాలి మీదికి ఠీవిగా దిగాడు. దిగడం చూసి అందరూ చప్పట్లు కొట్టారు. లేవడం కాలేదు. మోకాలు పట్టేసింది. పట్టుకోండిరా అని చెయ్యి చాచాడు. అందరూ వాదించుకుంటున్నారు, ఎవరూ అందుకోలేదు. చేతికి తెర దొరికింది.

తెర, తాడు, టూటోన్ కలిసి కిందికొచ్చారు.

లోపల రైసిబె వెండి యాంప్లిఫయర్ మీద తీరిగ్గా కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని ఆకుకూర బాగుచేస్తోంది. నల్లది మూలనుంది. మీటలది దాని మీదుంది. మూడింటి వైర్లూ ఉన్ని ఉండల్లా చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి. పలుకుతున్నది చెక్క పెట్టె ఒక్కటే.

పెరట్లో కాళ్ళన్నీ ఆగిపోయాయి. శాక్సఫోను మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

"మోసం!" అన్నాడు మాటోమె.

"ఏం మోసం?" రైసిబె ఒక పండుటాకు ఏరి పారేసింది. "ఒకటి అన్నాను, రెండు అన్నాను, మూడు అన్నాను, నాలుగు అన్నాను. అంకెలు తప్పుగా చెప్పానా? పెట్టె పేరు ఎత్తానా?"

"మారుస్తున్నా అన్నావు! చప్పుడు కూడా విన్నాం!"

"చేట ఈ మోకాలి మీంచి ఆ మోకాలి మీదికి మార్చాను."

డీకన్ తన కోటు గుండీలు చూసుకుంటున్నాడు. బ్రేక్‌డౌన్ ఒక్కడే నవ్వుతున్నాడు. "నేను మూడు అన్నాను. అది మూడే," అన్నాడు. జీవితంలో మొదటిసారి అతని మాట నిజమైంది.

ఫినియాస్ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఇక ఎవరూ మాట్లాడకూడదు.

"మందం విన్నాం. తీపి విన్నాం. గాలి విన్నాం. దూరం విన్నాం. పేటలో ఇంతకంటే మంచి చెవులు లేవు. ఆ చెవులే చెప్పాయి, ఈ చిన్న పెట్టెలో నాలుగు పెట్టెల శబ్దమూ ఉందని. నాలుగూ ఒకదానిలో ఉన్నప్పుడు, మాటోమే, నువ్వు మిగతా మూడింటినీ దేనికోసం మోస్తున్నావు?"

మాటోమె దగ్గర జవాబు ఉంది. మలోమె మాట్లాడాక జవాబు చెప్పే ఆచారం లేదు.

"వెండిది టూటోన్ తీసుకెళ్ళాలి. నల్లది డీకన్. నాలుగోది బ్రేక్‌డౌన్. క్లబ్బు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు వెళ్ళి విను. ఆకలేస్తోంది."

టూటోన్ మోకాలు వెంటనే బాగైపోయింది. వెండి పెట్టెని ఒక్కడే ఎత్తాడు. డీకన్ నల్లదాన్ని బిడ్డకి పేరు పెట్టేటప్పుడు ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. మాటోమె వాళ్ళ మొహాల్లోకి చూశాడు, కాస్త బాధైనా కనపడుతుందేమోనని. కనపడలేదు. పైగా పేగుల కూర రెండోసారి వడ్డించుకున్నారు.

పొద్దు వాలక ముందే వ్యాను వెళ్ళిపోయింది. తోయడానికి ఆ రోజు ఎవరూ సిగ్గుపడలేదు.

ముందుగది ఖాళీగా, ఎవరి ఇల్లో అన్నట్టుంది. మాటోమె కుర్చీలో కూర్చున్నాడు. రికార్డు పెట్టాడు. మధ్యలో అలవాటు కొద్దీ లేచాడు, వైర్లు మార్చి వేరేదానిలో విందామని. మార్చడానికేమీ లేదు. మళ్ళీ కూర్చున్నాడు.

పాట నడిచింది. శాక్సఫోను తన మాట ముగించుకుని పక్కకి తప్పుకుంది. అప్పుడు ఎక్కడినుంచో ఒక బాకా లేచింది. సన్నగా, పక్కింట్లో ఎవరో పిలిచినట్టు.

మాటోమె ఉలిక్కిపడ్డాడు. "రైసిబే! ఈ పాట చివర్న బాకా ఉందా?"

"ఎప్పట్నుంచో ఉంది," అంది వంటింట్లోంచి. "ఆ టైముకి నువ్వు వైర్లు మారుస్తుండేవాడివి."

"నీకెలా తెలుసు?"

"నేను ఇక్కడ వింటుండేదాన్ని కదా, కొలొబే."

అది ఏ కొలొబేయో మాటోమెకి ఈసారీ తెలియలేదు. బేసు కొంచెం ఎక్కువైందని అనబోయాడు. వంటింటి వైపు చూసి, ముల్లు ఎత్తి పాట మొదటికి పెట్టాడు.