బిందెలో ఉంగరం

ఉప్మా తిని, బొగ్గుతో నడిచే బస్సెక్కి, చిక్కబళ్ళాపురలో రైలు పట్టుకోవాలి. కొత్త పెళ్ళికొడుకు శ్యామసుందరకు ఆ ఉదయం అంతకుమించి పనిలేదు. బయల్దేరే ముందు బాగేపల్లి అత్తవారింట బిందెలో ఉంగరం తీసే ఆట ఒక్కటి మిగిలింది. నెల్లూరి మిత్రులు అతన్ని ముందే భయపెట్టి పంపారు: ఉంగరం దొరికినవాళ్ళ మాటే జీవితాంతం ఇంట్లో చెల్లుతుందట.

ఉంగరం అతని వేళ్ళకే తగిలింది. పెళ్ళికూతురు అంబుజాక్షి అతని పిడికిలి విప్పబోయింది. ఎక్కడ లాక్కుంటుందోనని చటుక్కున ఉంగరాన్ని నోట్లో వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక ముసలమ్మ సరసానికి వీపు చరిచింది. ఉంగరం లోపలికి పోయింది.

అతని ఖాళీ చేతులు చూసి, ఉంగరం అంబుజాక్షికే దొరికిందని ఆడవాళ్ళు తేల్చేశారు. ఉంగరం దొరకని అంబుజాక్షి అతని వైపు వింతగా చూసింది.

విస్తరి ముందు శ్యామసుందర నోరు విప్పలేదు. పైన ఉప్మా పడితే ఉంగరం పేగులో అడ్డం తిరుగుతుందని భయం. చెబితే పెళ్ళివారంతా నవ్వుతారని అంతకన్నా పెద్ద భయం.

"ఇది అలకే వాసూ!" పెళ్ళికూతురి మేనత్త వరమహాలక్ష్మి తమ్ముణ్ణి పక్కకు లాగింది. "ఆ తట్టు అల్లుళ్ళు ఇట్లే అలుగుతారంట. ఏం కావల్లో చెప్పరు. మనమే కనుక్కోని ఇయ్యల్ల."

"బస్సొచ్చే పొద్దాయ గదక్కా!" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి వాసుదేవమూర్తి.

వెండి చెంబు తెచ్చాడు. అల్లుడు తల అడ్డంగా ఊపాడు. చేతి గడియారం విప్పి పెట్టాడు. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

నెల్లూరి వియ్యంకుడికి ఇదంతా అయోమయంగా ఉంది. పెట్టిందల్లా వద్దనడం మైసూరు సీమ మర్యాద కాబోలనుకుని కొడుకు చెవిలో గొణిగాడు. "ఒప్పుకోబాకరా అబ్బాయ్, పరువు పోద్ది."

పాలిచ్చే ఆవును నడవలోకి తోలుకొచ్చారు. అది వచ్చీరాగానే అల్లుడి ఉప్మా తినేసింది.

"గూళూరు చేను రాసిస్తా నాయనా, ఒక్క ముద్ద తిను!" అన్నాడు వాసుదేవమూర్తి ఏడుపు గొంతుతో.

శ్యామసుందర కడుపు పట్టుకుని మూలిగాడు.

"చేను గూడా సాలదంటాండాడే!" మేనత్త గుండెలు బాదుకుంది.

అంబుజాక్షి వచ్చి అతని ఎదుట కూర్చుంది. "నోరు తెరవండి."

తెరిచాడు.

"మింగినారా?"

తలూపాడు. "దొరికినోళ్ళదే పెత్తనమని మావోళ్ళు చెప్పారు..." అని వెక్కాడు.

"ఎవురప్పా చెప్పింది?" మేనత్త బుగ్గలు నొక్కుకుంది. "మా తట్టు ఉంగరం దొరికినోళ్ళే రెండోవాళ్ళ మాట వినల్ల!"

"అందుకే గదా మీ పిడికిలి విప్పి అందరికీ చూపిద్దామనుకుంటి," అంది అంబుజాక్షి.

బస్సు వెళ్ళిపోయింది. ఆవు దొడ్డికి, గడియారం మామగారి చేతికి తిరిగిపోయాయి. చేను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఉంగరం కిందికి దిగడానికని పెట్టిన అరటిగెల మాత్రం అల్లుడి ముందు మిగిలింది.

మర్నాడు ఉంగరం దొరికింది. దాన్ని వేలికి పెట్టుకోవడానికి ఇరువైపులా ఎవరూ పోటీ పడలేదు.