పైడితల్లి చుట్టూ ముళ్లకంచె

ప్రభుత్వం నిలబడాలంటే దాని అనుమతి లేకుండా ఏదీ నిలబడకూడదు. మలయాలో ఎమర్జెన్సీ నాటి ఈ మహాసూత్రం కామెరాన్ కొండల మీద ఒక చెట్టుకు కూడా వర్తించింది.

ఆ చెట్టు ఆ కొండలదే. ఏడాది పొడుగునా పచ్చగా, మంచులో నానుతూ, సూదుల్లాంటి సన్నటి ఆకులతో ఉంటుంది. తేయాకు తోటలోని మనవాళ్లు విశాఖ తీరపు సరుగుడును తలుచుకుని దానికి కొండసరుగుడు అని పేరు పెట్టారు. దాని కింద పసుపు రాసిన రాయి నిలిపి పైడితల్లి అన్నారు. (మనవాళ్లు నలుగురు చేరితే ముందు గుడి, తరవాత తగాదా.)

ఆకు కోసే అప్పలమ్మ, మనవరాలు కమలాక్షికి జ్వరం తగ్గితే ప్రతి మంగళవారం ఒక ముద్ద పెడతానని తల్లికి మొక్కుకుంది. తగ్గింది. రేషన్ బియ్యంలో తన వాటా ముద్దే పెట్టేది. మానేస్తే పిల్లకు జ్వరం తిరగబెడుతుందని ఆమె భయం.

తెల్లదొరల ప్రభుత్వం మీద తిరగబడి అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు సాయుధులకు మెతుకు కూడా చేరకూడదని అప్పటి చట్టం. చెట్టు కింద విస్తరాకు చూసి, తోట నడిపే తెల్లదొర అప్పలమ్మను పిలిపించాడు. తోట కిరాణి, అంటే గుమాస్తా, వెంకటరావు అనువాదానికి నిలబడ్డాడు. ముద్ద ఎవరు తిన్నారని ప్రశ్న. ఉడతలని చెబితే అక్కడితో పోయేది. కానీ నైవేద్యం ఉడత తిన్నదనడం అపచారం కదా.

"తల్లే తినేసినాది బాబూ. పొద్దున్న సూస్తే ఆకు కాళీ."

ఆ తల్లి ఎక్కడుంటుంది? కొండ మీద. ఆయుధాలు? కత్తీ, శూలమూ. చేతులు నాలుగని కూడా, అడక్కపోయినా, చెప్పింది. వెంకటరావు పొల్లుపోకుండా అనువదించాడు (సొంత తెలివి చూపితే ఉద్యోగం ఉండదు). నాలుగు చేతులంటే ఇద్దరు మనుషులని దొర తేల్చాడు.

చెట్టు నరికితే నిందితులు వచ్చే చోటు పోతుంది కనుక నరకలేదు. చుట్టూ ముళ్లకంచె వేసి, కాళిముత్తు అనే కానిస్టేబులును కాపలా పెట్టారు. అతను తల్లి ఇంకా దొరకలేదని రోజూ పైవాళ్లకు చెప్పేవాడు. డ్యూటీ ఎక్కే ముందు బూట్లు విప్పి దణ్ణం పెట్టుకునేవాడు. అది విధుల్లో భాగం కాదు.

మంగళవారం వస్తే అప్పలమ్మ కంచె ఇవతల ఉత్త చేతులు జోడించి, "పిల్ల మీద కోపం సూపకు తల్లీ, నేనెగ్గొట్టలేదు" అని చెప్పుకునేది. ఆ మాట దగ్గర నాకు నవ్వు రాదు.

యాభై ఏడులో మెర్డెకా వచ్చింది, అంటే స్వాతంత్ర్యం. జెండా మారింది, దొర ఓడెక్కాడు, ఆ కుర్చీలో చిన్నప్పన్ కూర్చున్నాడు. మర్యాదస్తుడు, అప్పలమ్మకూ కుర్చీ వేయించాడు. ఇక కంచె తీసేయమని ఆమె అడిగింది. లొంగిపోయేవాళ్లకు ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించిందనీ, తల్లి ఆయుధాలు అప్పగించి చేతులెత్తి వస్తే కంచె ఆ రోజే తీయిస్తాననీ అతను వివరించాడు.

"నాలుగూ ఎత్తాలా బాబూ?"

క్షమాభిక్ష కాగితం తిరగేసి చూసి, రెండు చాలన్నాడు.

"మరైతే మిగతా రెండు సేతుల్తో ముద్ద తినొచ్చా?"

"దానికి వేరే అనుమతి కావాలమ్మా," అన్నాడు చిన్నప్పన్.