క్యారియర్‌తో కలిపి

సోమవారం పొద్దున పెద్దాయన అనుకున్న పని చిన్నదే. పాత కంప్యూటరు తీసి మూలన పెట్టాలి, కొత్తది బల్ల మీద పెట్టాలి, ఫ్యాక్టరీ మేనేజరు మధ్యాహ్నం వచ్చేలోగా నాలుగు లారీలు సవ్యంగా తూచి ఉంచాలి. అంతకు మించి ఆ రోజు మీద ఆయనకు ఆశలేమీ లేవు.

పెద్దాయనది లారీలు తూచే కాటా. రోడ్డు పక్కన నేలకు సమానంగా పరిచిన ఇనుప పలక, దాన్ని ఆనుకుని కిటికీ ఉన్న ఒక గది. రాయి ఎత్తుకొచ్చిన లారీ పలక ఎక్కుతుంది. గదిలో కంప్యూటరు బరువు చూసి, తనకు ముందే తెలిసిన ఖాళీ లారీ బరువు అందులోంచి తీసేసి, మొత్తమెంతో, సరుకెంతో చీటీ కొట్టి కిటికీ బయటికి తోస్తుంది. డ్రైవరు దాన్ని లాక్కుని ఫ్యాక్టరీకి పోతాడు. ఆ ఒక్క ఫ్యాక్టరీ తప్ప కాటాకు వేరే దిక్కు లేదు. పోయిన వారం మేనేజరు వచ్చి, పాత కంప్యూటరును మంచం పట్టిన మనిషిని చూసినట్టు చూసి, సోమవారానికల్లా కొత్తది పెట్టకపోతే తమ లారీలు అవతలి కాటాకు పోతాయని నెమ్మదిగానే చెప్పి వెళ్ళాడు.

కొత్తది కొన్నారు. చిక్కు అక్కడే వచ్చింది. తూకం లెక్కలు చూసే ప్రోగ్రాం ఎప్పుడో ఒక పుణ్యాత్ముడు రాసిపెట్టి పోయినది. దానికి పాత సిస్టమ్ తప్ప మరో లోకం తెలియదు. కొత్త సిస్టమ్‌లో పెడితే నోరు విప్పలేదు. సెలవు పెట్టి మరీ వచ్చిన అల్లుడు ఆఫీసులో పగలంతా కంప్యూటరు ముందే కూర్చునే మనిషి.

"దానికేముంది మామయ్యా, కొత్త పెట్టెలో పాత సిస్టమే ఎక్కిస్తే సరి" అన్నాడు.

ఎక్కించాడు. ఎక్కింది గానీ, ఇద్దరికీ పొత్తు కుదరలేదు. కొత్త మౌసు ఎవరో తెలియదన్నట్టు పాత సిస్టమ్ దాని మొహం చూడలేదు. వెడల్పాటి తెరను ఏం చేసుకోవాలో తోచక అంకెలన్నిటినీ అడ్డంగా సాగదీసింది. సున్నా తిని పడుకున్నట్టు కనిపించింది. అయినా తూకం ప్రోగ్రాం తెరుచుకుంది, ఇంకేం కావాలి అన్నాడు అల్లుడు. ఇంటావిడ పాత కంప్యూటరును మూలకు జరిపి, ఎత్తు సరిపోయిందని దాని మీద నీళ్ళ బిందె పెట్టింది.

మొదటి లారీ పలక మీదికి ముందు చక్రాలు పెట్టీ పెట్టకముందే ప్రింటరు గుర్రుమని చీటీ తోసింది. ఇంత వేగం పెద్దాయన తన జీవితంలో చూడలేదు. ముచ్చటపడి డ్రైవరుకు చెయ్యి ఊపాడు. లారీ వెళ్ళాక తెర చూశాడు. సరుకు బరువు ముందు ఒక అడ్డగీత ఉంది. అంటే ఆ లారీ రాయి మోసుకురాలేదు, ఖాళీగా వచ్చి ఉంటే ఎంత బరువో అంతకంటే తక్కువ తూగింది.

అల్లుడు కాసేపు బుర్ర గోక్కుని సంగతి పట్టుకున్నాడు. పలక మీద ఏదైనా కాలు మోపగానే ప్రోగ్రాం లోలోపల అంకెలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. లెక్క అయ్యాక అప్పుడు పలక మీద ఎంత ఉంటే అదే బరువు. పాత కంప్యూటరు వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టే రకం కాబట్టి, ఈలోగా లారీ తాపీగా ఎక్కి, నిలబడి, డ్రైవరు బీడీ కూడా వెలిగించేవాడు. కొత్తది రెప్పపాటులో లెక్క ముగించి, ఎక్కినంత వరకే లారీ అనుకుంటోంది.

"అయితే లారీయే తొందరగా ఎక్కాలి" అన్నాడు అల్లుడు.

రెండో లారీని తొందరగా రమ్మన్నారు. అది పలక ఎక్కినంత వేగంగానే పలక దిగి, గది మూలను గుద్ది రెండు ఇటుకలు రాల్చి ఆగింది. చీటీలో అడ్డగీత అలాగే ఉంది. బరువంతా వెనకే ఉంటుంది కదా అని మూడో లారీని వెనక్కి నడిపించారు. ఈసారి అడ్డగీత పోయింది గానీ, సరుకు ఒక ఆటోలో పట్టేంత వచ్చింది. డ్రైవర్లు మాత్రం చీటీ అందిన వెంటనే పోతూనే ఉన్నారు. చీటీలో ఏముందో చదవడం వాళ్ళ పని కాదు.

ఇక కంప్యూటరునే నెమ్మది చేయాలని అల్లుడు నిశ్చయించాడు. పని ఎక్కువైతే ఎవరైనా నెమ్మదిస్తారు. అందులో ఉన్న పేకాటలు, క్యాలెండరు, గడియారం, బొమ్మలు గీసేది అన్నీ తెరిచాడు. కంప్యూటరు అన్నిటినీ ఒక్క ఊపులో తెరిచి, ఇంకేమైనా ఉందా అన్నట్టు కూర్చుంది.

నాలుగో లారీ వచ్చి పలకకు ఇవతల ఆగింది. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. అప్పుడే, పొద్దున అల్లుడు చెప్పిన సంగతంతా విని వంటకని వెళ్ళిన ఇంటావిడ అన్నం క్యారియర్ పట్టుకుని రోడ్డు దాటి, రోజూ వచ్చినట్టే పలక మీదుగా నడిచి వచ్చింది. ఇన్నేళ్ళలో పాత కంప్యూటరు లెక్క ముగించేసరికి ఆవిడ ఎప్పుడూ పలక దాటి గడప దగ్గర ఉండేది. ప్రింటరు గుర్రుమంది. డ్రైవరు చీటీ లాక్కుని, తన పనైపోయిందనుకుని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

"ఎనభై" అన్నాడు పెద్దాయన తెర చూస్తూ. అనకుండా ఉండాల్సింది.

"ఏంటండీ ఎనభై?"

"ఏం లేదు."

"బరువు అత్తయ్యా" అన్నాడు అల్లుడు. సాయం చేస్తున్నాననుకున్నాడు.

ఇంటావిడ క్యారియర్ బల్ల మీద పెట్టింది. "ఆ చీటీ ఏది?"

"వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"ఫ్యాక్టరీకి" అన్నాడు పెద్దాయన.

ఆవిడ మూలకు వెళ్ళి, పాత కంప్యూటరు మీది బిందె దించి, కొంగుతో దాని నెత్తి తుడిచింది. "పాపం, ఇన్నేళ్ళు చాకిరీ చేసింది. ఒక్కరోజైనా నా జోలికి వచ్చిందా?" అంది. అల్లుడు కొత్తదాని తీగలు పీకి దానికి తగిలించాడు. అది గంటసేపు దగ్గి లేచేసరికి గుమ్మంలో మేనేజరు నిలబడి ఉన్నాడు. చేతిలో పొద్దుటి చీటీలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి.

మేనేజరు కేకలేసే మనిషి కాదు. చీటీలు ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచాడు. మొదటి లారీ ఫ్యాక్టరీకి రాయి తేకపోగా, లెక్క ప్రకారం ఫ్యాక్టరీయే దానికి రాయి బాకీ పడిందన్నాడు. చివరి చీటీ మీద వేలు పెట్టాడు.

"ఇందులో లారీ మొత్తం ఎనభై కిలోలు. ఇంతకీ మీ కాటా తప్పా, ఒప్పా? అదొక్కటి చెప్పండి చాలు. అవతలి వాళ్ళకు ఫోన్ చేసుకుంటాను."

పెద్దాయన ఒకసారి చీటీ వైపు, ఒకసారి ఇంటావిడ వైపు చూశాడు. తప్పంటే కాటా పోతుంది. ఒప్పంటే, ఆవిడ బరువు ఎనభయ్యేనని ఒప్పుకుని ఇంటికి వెళ్ళాలి. అల్లుడు మౌసు తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఒప్పే" అంది ఇంటావిడ.

మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు.

"అది లారీ కాదు సార్, నేను. లారీ చక్రం చక్రంగా ఎక్కుతుంది, మనిషి ఒక్కసారే ఎక్కుతుంది. అందుకని పొద్దున్నుంచి మీ చీటీల్లో నిజం చెప్పింది అదొక్కటే. పలకకేం జబ్బు లేదు, ఆ కొత్తదానికే తొందరెక్కువ." ఆగి, మళ్ళీ అంది: "క్యారియర్‌తో కలిపి."

అని క్యారియర్ అందుకుని బయటికి నడిచి, పలక మధ్యన నిలబడింది. పాత కంప్యూటరు లెక్కపెట్టింది. ఈగ ఒకటి తెర మీద వాలి, విసుగొచ్చి లేచిపోయింది. ఆవిడ కదల్లేదు. చివరికి చీటీ వచ్చింది. మేనేజరు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండింట్లోనూ ఎనభయ్యే. తర్వాత వచ్చిన లారీ ఎక్కి, నిలబడి, డ్రైవరు బీడీ సగం కాల్చాక సరుకు బరువు ఎక్కడా అడ్డగీత లేకుండా వచ్చింది.

మేనేజరు పొద్దుటి చీటీలన్నీ చించేసి, ఆ లారీలను మళ్ళీ పంపుతానన్నాడు. పాత కంప్యూటరును ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ, అవతలి కాటావాళ్ళు పోయిన నెలే కొత్తది పెట్టారని గుర్తొచ్చి, వాళ్ళ చీటీలు కూడా తెప్పించి చూడాలని తనలో తనే అనుకున్నాడు.

ఇప్పుడు నీళ్ళ బిందె కొత్త కంప్యూటరు మీద ఉంటోంది. పెద్దాయన కాటా మీద రోజుకు ఎన్ని లారీలు తూగుతున్నా, ఆ క్యారియర్ బరువెంతో మాత్రం ఇంతవరకు ఎవరూ తూచి చూడలేదు.