చూపించుకున్నవారే రోగి

"నేటితో దూరం చచ్చిపోయింది!" అని మా పెద్దాఫీసరుగారు మైకులో ప్రకటించారు. చచ్చినదాని మీద జాలి లేకుండా అందరం చప్పట్లు కొట్టాం. నేను ఆ ఆసుపత్రి గుమాస్తాను కాబట్టి కాస్త ఎక్కువసేపు కొట్టాను.

సంగతేమిటంటే, మా పల్లె ఆసుపత్రికి గోడంత తెర వచ్చింది. దాని నెత్తిన ఒక కెమెరా. రక్తం జబ్బులున్న పిల్లలు ఇక పట్నం పోనక్కర్లేదు. పట్నంలోని రక్తాల డాక్టరమ్మే తెర మీదికి వస్తుంది, ఇక్కడినుంచే చూపించుకోవచ్చు.

ప్రారంభోత్సవమన్నాక ఒక రోగి కూడా ఉండాలి గదా! నర్సమ్మ ఒక తల్లినీ, ఆమె చంకలోని కొడుకునూ తీసుకొచ్చింది. వాడికి రక్తం గడ్డకట్టని జబ్బు. ముందురోజు గడప తగిలి పడ్డాడు. పైన గీత కూడా లేదు, లోపల రక్తం కారి మోకాలు మాత్రం కొబ్బరికాయంత అయింది. ఆలస్యమైతే ఆ కాలు ఇక వంగదని నర్సమ్మ నా చెవిలో చెప్పింది. రక్తం గడ్డకట్టించే ఇంజక్షన్ ఫ్రిజ్‌లో ఒకే ఒక్కటి ఉంది. డాక్టరమ్మ చెబితే తప్ప వాడకూడదు.

పెద్దాఫీసరుగారు వంగి మోకాలు పరిశీలించారు.

"రక్తం జబ్బన్నారు, రక్తమేదమ్మా?"

"లోపల కారుతోంది బాబూ," అంది తల్లి.

లోపలిది ఫొటోలో పడదు. అందుకని తల్లీకొడుకుల్ని వెనక వరసకు పంపించాం. కెమెరా ముందు కుర్చీలన్నీ పెద్దలవే.

ఫొటోగ్రాఫరు వైపు నవ్వుతూ రిబ్బను కత్తిరించబోయి పెద్దాఫీసరుగారు వేలు తెగ్గోసుకున్నారు. చుక్క! ఒకే ఒక్క చుక్క! అంతే, కుర్చీలు బోర్లాపడ్డాయి. ఒకాయన దూది అన్నాడు, ఒకాయన కారు అన్నాడు, ఇంకొకాయన ఏమీ అనకుండా మూర్ఛపోయాడు. అయ్యగారు వేలు పైకెత్తి సరిగ్గా కెమెరా ముందు కూలబడ్డారు. అప్పుడే తెర వెలిగి డాక్టరమ్మ ప్రత్యక్షమైంది.

అంతమంది తలల వెనకనుంచి నర్సమ్మ పిల్లాడి సంగతి అరిచి చెప్పింది. డాక్టరమ్మకు అర్థమైంది. "ఇంకా చూస్తారేం, రోగికి ఆ ఇంజక్షన్ వెంటనే ఇచ్చేయండి," అంది. మరుక్షణం లైను తెగిపోయింది. చచ్చిన దూరం లేచి కూర్చుంది.

అయ్యగారు చొక్కా చెయ్యి పైకి మడిచారు.

నర్సమ్మ ఇంజక్షన్ సీసాను గుండెలకు హత్తుకుని, అది పిల్లాడిదని మొత్తుకుంది. మా సూపరింటెండెంటుగారు రూలు చదివినట్టు అడిగారు.

"తెర మీద చూపించుకున్నది ఎవరమ్మా? చూపించుకున్నవారే రోగి."

సీసా లాక్కుని స్వయంగా తానే అయ్యగారికి పొడిచారు. ఇంజక్షన్‌కు ముందే ఆగిన రక్తం, ఇంజక్షన్ తర్వాత మరింత గట్టిగా ఆగింది. మళ్లీ చప్పట్లు. పథకం తొలి లబ్ధిదారు క్షేమమని పత్రికలవాళ్లకు చెప్పింది నేనే.

పెద్దలంతా వెళ్లిపోయాక తల్లి కొడుకునెత్తుకుని నా దగ్గరికొచ్చింది. నా చేతిలో ఇంకా రిబ్బనుకు కత్తెర అందించిన పళ్లెం ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఆ కత్తెర ఒకసారి ఇస్తారా అయ్యా? మావాడికీ కాస్త రక్తం కనపడాలి గదా," అంది.

సిగ్గుతో తల దించుకున్నాను. పళ్లెంలో కత్తెర లేదు. అది జ్ఞాపికగా, అయ్యగారి కారులో, ఆయన పక్క సీట్లోనే కూర్చుని పట్నం వెళ్లిపోయింది.